సెకండ్ హ్యాండ్ కేమన్ కొనడానికి పట్టిన నాలుగు నెలలు

2025 ఏప్రిల్ 25న హ్యూస్టన్‌లో ఒక 2010 పోర్షే కేమన్ ఎస్ కొన్నాను, ఇద్దరు కూర్చునే స్పోర్ట్స్ కారు. ముదురు నీలం రంగు, మాన్యువల్ గేర్లు, 61 వేల మైళ్ళు తిరిగిన బండి, ధర 36,500 డాలర్లు. జనవరి మధ్యలో వెతకడం మొదలుపెడితే ఏప్రిల్ చివరికి తేలింది. ఈలోగా అంతకంటే పాతది ఒకటి, కొత్తది ఒకటి చేతిదాకా వచ్చి పోయాయి. డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళు చాలామంది ఇదే కారు గురించి అడుగుతున్నారు. అందుకే ఏది ఎప్పుడు జరిగిందో, డబ్బు ఎక్కడ ఖర్చయిందో, ఏ రాత్రి నిద్ర పట్టలేదో వరసగా రాస్తున్నాను.

నేను పెట్టుకున్న హద్దు 45 వేల డాలర్లు. పన్ను, మొదటి ఏడాది రిపేర్లు అన్నీ అందులోనే. క్లచ్ ఉండాలి, ఇంజిన్ ఆరు సిలిండర్లది కావాలి, టర్బో వద్దు. 2017లో వచ్చిన 718 కేమన్‌లో నాలుగు సిలిండర్ల టర్బో పెట్టారు. ఆ తర్వాత ఆరు సిలిండర్లతో వచ్చిన 718 జీటీఎస్ 4.0 ధర నాకు అందేది కాదు. అంటే మిగిలినవి రెండే తరాలు. అమెరికాలో 2006 నుంచి 2012 మోడళ్ళ దాకా అమ్మిన 987, 2014 నుంచి 2016 మోడళ్ళ దాకా అమ్మిన 981.

బయటి నుంచి చూస్తే తేల్చుకోవాల్సింది ఈ రెండింటి మధ్యే అనిపిస్తుంది. 987 గుండ్రంగా, చిన్నగా ఉంటుంది. 981 వెడల్పుగా, పదునైన గీతలతో ఉంటుంది. ఇర్వింగ్‌లో ఉండే మా బావ అయితే మొదటి రోజే తీర్పు చెప్పేశాడు. "కొత్త షేపు తీసుకోరా, పాతది కొని మెకానిక్‌ని పోషిస్తావా?" అని. నిజానికి అసలు గీత ఉన్నది 2012కీ 2014కీ మధ్య కాదు. 2008కీ 2009కీ మధ్య. ఇది నాకు తెలియడానికి ఫిబ్రవరి అంతా పట్టింది.

ఫిబ్రవరి 8, శనివారం. ఫోర్ట్ వర్త్‌లో ఒక 2007 కేమన్ ఎస్. అడిగిన ధర 26 వేలు. వెండి రంగు, లోపల ఎర్ర తోలు సీట్లు. ఫొటోల్లో ఎంత బాగుందో ఎదురుగా అంతకంటే బాగుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి చూడాలని అందరూ చెబుతారు కదా, వెళ్ళగానే అలవాటుగా బానెట్ మీద చెయ్యి పెట్టాను. చల్లగానే ఉంది. ఉంటుంది మరి, ఈ కారుకి బానెట్ కింద ఉండేది సామాను పెట్టుకునే చోటు. ఇంజిన్ సీట్ల వెనకాల ఉంటుంది. వెనక్కి వెళ్ళి సైలెన్సర్ గొట్టం దగ్గర చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. మేం వచ్చేలోపు ఆయన ఒకసారి నడిపి పెట్టాడన్న మాట. ఏమీ అనలేదు, మనసులో మాత్రం పెట్టుకున్నాను.

నడిపితే మతి పోయింది. స్టీరింగ్ చేతిలో బతికున్నట్టుంది. రోడ్డు మీద అతుకు కూడా వేళ్ళకి తెలుస్తోంది. ఇంటికి వస్తుంటే మా ఆవిడతో "ఇదే" అన్నాను. తను నా మొహం చూసి "చెకప్ అయ్యాక చెప్పండి" అంది.

ఇక్కడ కొనేముందు చేయించే చెకప్‌ని పీపీఐ అంటారు. కారల్టన్‌లో పోర్షేలు మాత్రమే చూసే ఒక పెద్దాయన ఉన్నాడు. ఫోన్ చేస్తే రెండు వారాల తర్వాతే ఖాళీ అన్నాడు. మామూలు చెకప్‌కి 350 డాలర్లు, బోర్‌స్కోప్ కూడా కావాలంటే ఇంకో 200. బోర్‌స్కోప్ అంటే స్పార్క్ ప్లగ్ తీసి, ఆ కన్నంలోంచి సన్నటి కెమెరా దింపి సిలిండర్ గోడలు చూడటం. కారు ఏ ఏడాదిదని అడిగాడు. 2007 అనగానే "బోర్‌స్కోప్ లేకుండా నేను చెకప్ చెయ్యను, నీ డబ్బు వృథా" అన్నాడు.

ఎందుకో ఆయనే చెప్పాడు. 2008 దాకా వచ్చిన 987ల్లో పాత ఇంజిన్ ఉంటుంది. క్రాంక్ షాఫ్ట్ నుంచి క్యామ్ షాఫ్టులకి తిరుగుడు అందించడానికి మధ్యలో ఇంకో షాఫ్ట్ ఉంటుంది, ఇంటర్మీడియట్ షాఫ్ట్ అంటారు. దాని చివర ఉండే బేరింగే ఐఎమ్‌ఎస్ బేరింగ్. అంతకుముందు పోర్షే మోడళ్ళలో అది పాడైతే ఇంజిన్ మొత్తం పోయేది, కోర్టు దాకా వెళ్ళిన వ్యవహారం. 2006 నుంచి పెద్ద బేరింగ్ వేశారు, అది పాడవడం అరుదు. కానీ ముందుజాగ్రత్తగా మార్చుకుందామంటే ఇంజిన్‌ని రెండు ముక్కలుగా విప్పాల్సిందే. దానికంటే 3.4 లీటర్ల ఎస్ మోడల్‌లో ఆయన భయపడేది సిలిండర్ గోడల మీద పడే గీతల గురించి. గీతలు పడితే ఆయిల్ తాగుతుంది, టకటక శబ్దం వస్తుంది, చివరికి ఇంజిన్ విప్పి కట్టాలి. ఆ బిల్లు 20 వేల డాలర్లు దాటుతుందన్నాడు. అంటే కారు ధరంత.

2009 మోడల్ నుంచి ఇంజిన్ మొత్తం కొత్తది. ఇంటర్మీడియట్ షాఫ్టే లేదు, కాబట్టి ఆ బేరింగూ లేదు. ఇదే కుటుంబం ఇంజిన్ 981లోకి కూడా వెళ్ళింది. బయటకి మాత్రం 2008 కారుకీ 2009 కారుకీ తేడా చూపించమంటే కొత్తవాళ్ళు తడబడతారు. వెనక లైట్లు ఎల్‌ఈడీవా కాదా అన్నది చూడాలి. ఆ రోజు ఫోన్ పెట్టేశాక నా లిస్టు మళ్ళీ రాసుకున్నాను. ఒకేలా కనిపించే రెండు కార్లు లోపల వేరు, వేరుగా కనిపించే రెండు లోపల దగ్గరి చుట్టాలు.

అయినా ఆ వెండి కారు మీద మనసు పోలేదు. చెకప్‌కి అమ్మే ఆయన ముందు సరేనన్నాడు. తీరా రెండు రోజుల ముందు ఫోన్ చేసి "మామూలుగా చూసుకోండి, స్పార్క్ ప్లగ్గులు మాత్రం తియ్యనివ్వను" అన్నాడు. బతిమాలాను. నా ఖర్చుతో కొత్త ప్లగ్గులు వేయిస్తానన్నాను. ఒప్పుకోలేదు. ఆ రాత్రి నిజంగా నిద్ర పట్టలేదు. ధర తక్కువ, కారు అందంగా ఉంది, లోపల ఏమీ ఉండకపోవచ్చు. తెల్లవారాక మా ఆవిడ ఒక్క మాటే అంది. "చూపించనన్న చోటే కదా మీరు చూడాల్సింది." వద్దని మెసేజ్ పెట్టాను. ఆ కారుకి ఏమైనా ఉందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. చూడనివ్వని ఇంజిన్‌కి 26 వేలు పెట్టలేను, అంతే.

మార్చి 15న ప్లేనోలో 981 చూశాం. 2014 బేస్ కేమన్, 2.7 లీటర్ల ఇంజిన్, 275 హార్స్‌పవర్, మాన్యువల్, 48 వేల మైళ్ళు. అడిగింది 44 వేలు. పన్ను కలిపితే నా హద్దు దాటుతుంది, కానీ బావ ఊరుకోడు కదా, వెంటబెట్టుకుని తీసుకెళ్ళాడు.

లోపల కూర్చోగానే తేడా తెలిసిపోయింది. 987 లోపల ప్లాస్టిక్కులు పాతకాలం కారులా ఉంటే ఇది ఇవాళ కొన్నట్టే ఉంది. సీట్ల మధ్య గేరు వైపు ఎత్తుగా లేచిన వరసలో బటన్లు, చేతి బ్రేకు బదులు చిన్న స్విచ్చు. ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య దూరం 987 కంటే 60 మిల్లీమీటర్లు ఎక్కువ కాబట్టి హైవే మీద నిలకడగా పోతుంది, పక్క సీట్లో మాట్లాడుకోవచ్చు. మా ఆవిడకి బాగా నచ్చింది. "దీంట్లో అయితే ఆస్టిన్ దాకా వస్తాను" అంది. ఇంజిన్ నిమిషానికి 7,800 చుట్ల దాకా తిరుగుతుంది, పైకి వెళ్ళేకొద్దీ వచ్చే ఆ కేక వింటే ఒళ్ళు పులకరిస్తుంది.

స్టీరింగ్ మాత్రం వేరు. 987లో హైడ్రాలిక్, 981లో ఎలక్ట్రిక్. దీని గురించి చదివినవన్నీ నమ్మితే 981 స్టీరింగ్ చచ్చుదని అనుకుంటాం. అది అన్యాయం. గురి చాలా బాగుంది, ఎటు తిప్పితే అటు ఠక్కున పోతుంది. లేనిదల్లా రోడ్డు నుంచి వేళ్ళకి వచ్చే ఆ చిన్న చిన్న వణుకులు. అవి లేకపోయినా హాయిగా ఉండేవాళ్ళు నూటికి తొంభైమంది ఉంటారు. నేను మాత్రం ఇంటికి వెళ్ళాక కూడా ఆ ఫోర్ట్ వర్త్ కారు స్టీరింగే తలుచుకుంటున్నాను.

గేర్ల విషయం కూడా చెప్పాలి, ఎవరూ ముందు చెప్పరు. ఈ కార్లలో గేర్లు చాలా పొడుగు. రెండో గేరులోనే గంటకి 70 మైళ్ళు దాటిపోతుంది. ఫ్రిస్కోలో సిగ్నల్‌కీ సిగ్నల్‌కీ మధ్య ఇంజిన్ పాడే చోటికి చేరాలంటే స్పీడింగ్ టికెట్ ఖాయం. ఇది 987కీ 981కీ సమానంగా వర్తిస్తుంది, కాబట్టి తరం మారిస్తే తీరే సమస్య కాదు.

981ని మార్చి చివర్లో చెకప్‌కి పంపాం. పెద్దాయన కారుని షెడ్డులోకి తోసి, తలుపు మూసి, పొడుగాటి ఎల్‌ఈడీ లైటు ఒకటి కారు పైకప్పుకి అడ్డంగా పట్టుకున్నాడు. "ఇక్కడికొచ్చి నిలబడు, లైటు గీతని చూడు" అన్నాడు. తిన్నగా ఉండాల్సిన లైటు ప్రతిబింబం రూఫు మీద నాలుగైదు చోట్ల కొంచెం కొంచెం వంకర తిరిగింది. వడగళ్ళు. పెయింటు చెడకుండా లోపలి నుంచి సొట్టలు నొక్కి సరిచేశారు, పని బాగానే చేశారు, ఎండలో చూస్తే కనపడదు. హిస్టరీ రిపోర్టులో ఒక్క ముక్క లేదు. ఇన్సూరెన్స్‌కి పోకుండా సొంత డబ్బుతో చేయించుకుంటే రిపోర్టులోకి ఎక్కదు. డాలస్ ప్రాంతంలో మార్చి నుంచి మే దాకా వడగళ్ళ కాలం, ఇక్కడ బయట పెట్టిన ఏ కారుకైనా ఇది జరగొచ్చు. ఇంజిన్ శుభ్రంగా ఉంది.

వడగళ్ళ వల్ల కాదు, ధర వల్ల వదిలేశాం. రెండు వేలు తగ్గించమన్నాను. అమ్మే అతను కుదరదన్నాడు. పైగా కారు మీద అతనికి లోను ఉంది, టైటిల్, అంటే కారు ఎవరిదో చెప్పే కాగితం, బ్యాంకు దగ్గర ఉంది, అది తీరి కాగితం రావడానికి వారాలు పట్టొచ్చు. అన్ని వేలు కట్టి కాగితం కోసం ఎదురుచూస్తూ కూర్చునే ఓపిక నాకు లేదు. చెకప్‌కి కట్టిన 350 పోయాయి. బావకి కోపం వచ్చింది, వారం పాటు ఫోన్ చెయ్యలేదు.

ఏప్రిల్ మొదటి వారంలో హ్యూస్టన్ కారు కనపడింది. 2010 కేమన్ ఎస్, 3.4 లీటర్లు, 320 హార్స్‌పవర్, అడిగింది 38 వేలు. కొత్త ఇంజిన్, పాత హైడ్రాలిక్ స్టీరింగ్, రెండూ ఒకే కారులో. 2009 నుంచి 2012 దాకా నాలుగేళ్ళే ఇలా వచ్చాయి. ఇంత ఆలస్యంగా ఎందుకు దొరికిందంటే మాన్యువల్ గేర్లతో ఇవి మార్కెట్లోకి అరుదుగా వస్తాయి. ఆ ఏళ్ళలో కొత్తగా పీడీకే ఆటోమేటిక్ వచ్చింది, చాలామంది దానికే మొగ్గారు.

12న ఉదయం ఐదింటికే బయల్దేరి వెళ్ళాం. కారు నిజంగా చల్లగా ఉంది. స్టార్ట్ చేయగానే వెనక నుంచి నీలం పొగ గుప్పున వచ్చింది. నా గుండె జారిపోయింది. అమ్మే ఆయన నవ్వి "పడుకోబెట్టిన సిలిండర్లు కదా, రాత్రంతా ఆగితే కొంచెం ఆయిల్ కిందికి జారుతుంది, ఒక్కసారే వస్తుంది, చూడండి" అన్నాడు. నిజమే, క్షణాల్లో ఆగిపోయింది, మళ్ళీ రాలేదు. కారల్టన్ పెద్దాయనకి అక్కడి నుంచే ఫోన్ చేసి అడిగితే ఆయనా అదే చెప్పాడు. ఆగకుండా వస్తేనే భయపడాలట.

విన్ నంబర్‌లో, అంటే ఛాసిస్ నంబర్‌లో, పదకొండో అక్షరం యు. అంటే ఫిన్లాండ్‌లోని ఉసికౌపుంకిలో తయారైన కారు. 987లు చాలావరకు అక్కడే కట్టారు. స్టుట్‌గార్ట్‌లో కట్టింది కాదని కొందరు మొహం చిట్లిస్తారు, నాకైతే ఆ పట్టింపు లేదు.

చెకప్ హ్యూస్టన్‌లోనే ఇంకో మెకానిక్ దగ్గర, 17వ తేదీన, 400 డాలర్లు. ఈసారి అన్నిటికంటే ముఖ్యమైన కాగితం ఓవర్‌రెవ్ రిపోర్టు. మాన్యువల్ కారులో ఐదో గేరు అనుకుని మూడోది వేస్తే ఇంజిన్ హద్దు దాటి తిరుగుతుంది. అలా ఎన్నిసార్లు తిరిగిందో కారు కంప్యూటర్ ఆరు అంచెలుగా రాసి పెట్టుకుంటుంది. కింది అంచెల్లో అంకెలుంటే గట్టిగా నడిపారని అర్థం, పర్లేదు. పై అంచెల్లో ఉంటే తప్పుడు గేరు పడిందని అర్థం. మా రిపోర్టులో నాలుగు, ఐదు, ఆరు అంచెల్లో సున్నా. ఆ మూడు సున్నాలు చూశాక టెన్షన్ సగం దిగిపోయింది.

ఇంకో సగం వేరే చోట మొదలైంది. ఎమిషన్స్ (పొగ కాలుష్యం) కోసం కారు తనని తాను పరీక్షించుకునే మానిటర్లు "రెడీ"గా లేవని మెకానిక్ చెప్పాడు. ఎవరైనా చెక్ ఇంజిన్ కోడ్లు చెరిపేస్తే ఇలాగే కనిపిస్తుంది. బ్యాటరీ మార్చినా ఇలాగే ఉంటుంది. అడిగితే అమ్మే ఆయన బ్యాటరీ కొన్న రసీదు ఫొటో పంపాడు, చెకప్‌కి ఐదు రోజుల ముందు తేదీ ఉంది. అయినా సరే, వారం రోజులు మామూలుగా నడిపి మళ్ళీ స్కాన్ చేయించండి, అప్పుడే డబ్బు తెస్తానన్నాను. ఆయన విసుక్కోకుండా ఆఫీసుకి అదే కారులో వెళ్ళొచ్చాడు. 24న స్కాన్ ఫొటో వచ్చింది. అన్నీ రెడీ, కోడ్లు లేవు.

టైర్ల పక్కన డాట్ అంకెల చివర 2315 అని ఉంది. 2015లో 23వ వారం. గాడి లోతు బ్రహ్మాండంగా ఉంది, రబ్బరు మాత్రం పదేళ్ళది, దగ్గరగా చూస్తే పక్కగోడ మీద వెంట్రుకంత పగుళ్ళు. దాన్ని చూపించి బేరమాడితే 38 వేలు 36,500కి దిగింది.

25వ తేదీ శుక్రవారం అమ్మే ఆయన బ్యాంకులోనే కలిశాం. నేను తెచ్చిన క్యాషియర్స్ చెక్‌ని బ్యాంకువాళ్ళు సరిచూశారు, టైటిల్ వెనక సంతకం, కారు పేరు మార్పిడికి పెట్టే 130-యు ఫారం మీద సంతకం. టెక్సస్‌లో సొంతంగా అమ్మేవాళ్ళు తమ నంబర్ ప్లేట్లు విప్పేసుకుంటారు, కాబట్టి ఇంటికి నడుపుకోవడానికి ట్రాన్సిట్ పర్మిట్ ముందే ప్రింటు తీసుకోవాలి. ఐదు రోజులే చెల్లుతుంది. ఇది మర్చిపోయి వెళ్తే కారు ముందు నిలబడి ఫోన్లో ఫారాలు నింపుకోవాల్సి వస్తుంది. ఐ-45 మీద మ్యాడిసన్‌విల్‌లో బకీస్ పెట్రోలు బంకులో ఆగి 93 ఆక్టేన్ పెట్రోలు పోయించాను. దీనికి ప్రీమియం పెట్రోలే వెయ్యాలి.

మర్నాడు ఎమిషన్స్ పరీక్ష మొదటిసారే పాసయింది. 2025 జనవరి నుంచి టెక్సస్‌లో సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఎత్తేశారు గానీ మా కాలిన్ కౌంటీలో ఎమిషన్స్ ఇంకా ఉంది. సోమవారం కౌంటీ ట్యాక్స్ ఆఫీసులో 6.25 శాతం పన్ను, 2,281 డాలర్లు కట్టి, ప్లేట్లు చేతిలో పట్టుకుని బయటికొచ్చాను. కొన్న ధర మరీ తక్కువ రాయించుకుంటే లాభం లేదు, వాళ్ళు మార్కెట్ విలువలో 80 శాతం లెక్క పెట్టుకుని, మనం రాసింది అంతకంటే తక్కువైతే దాని మీదే పన్ను వేస్తారు.

సాయంత్రం తణుకు ఫోన్ చేస్తే నాన్నగారు ధర రూపాయల్లోకి మార్చుకుని "ఇద్దరు కూర్చునే కారుకి ముప్పై లక్షలట్రా!" అన్నారు. తర్వాత వీడియోలో ఇంజిన్ శబ్దం వినిపించమన్నారు, రెండుసార్లు విన్నారు.

మే నెల ఖర్చులు ఇవి. నాలుగు టైర్లు 1,340. ఇంజిన్ ఆయిల్, బ్రేక్ ఫ్లూయిడ్ కలిపి 480. ఇన్సూరెన్స్ నెలకి 92 పెరిగింది. ముందు బంపర్‌కి రెండు పక్కలా ఉన్న రేడియేటర్ల ముందు ఎండుటాకులు పేరుకుని ఉంటాయని పెద్దాయన చెప్పాడు. వ్యాక్యూమ్ క్లీనర్‌కి సన్న గొట్టం తగిలించి నేనే లాగాను. ఒక్కో పక్క నుంచి గుప్పెడు ఆకులు, పైన్ సూదులు, ఒక బఠాణీ గింజంత రాయి. అక్కడ రాళ్ళు తగిలితే ఏసీ కండెన్సర్‌కి చిల్లు పడుతుంది కాబట్టి 120 డాలర్లు పెట్టి జాలీలు బిగించాను. టెక్సస్ ఎండల్లో ఏసీ పోతే ఏ తరం కారైనా ఒకటే.

మెమోరియల్ డే వారాంతంలో మా ఆవిడా నేనూ హిల్ కంట్రీ వెళ్ళాం. లేకీ ఊరి దగ్గర 337 రోడ్డు కొండల మీద మెలికలు తిరుగుతూ పోతుంది. అక్కడ ఆ స్టీరింగ్ కోసం పెట్టిన ప్రతి డాలరూ తిరిగొచ్చింది. వచ్చేటప్పుడు హైవే మీద టైర్ల హోరుకి తను రెండుసార్లు "ఆ ప్లేనో కారు నిశ్శబ్దంగా ఉండేది" అంది. అదీ నిజమే. ఏడాదిలో ఎక్కువ భాగం హైవే మీదే గడిపేవాళ్ళకి నేను 981నే చెబుతాను.

బావ మళ్ళీ మాట్లాడుతున్నాడు. నా కారు ఒకసారి నడిపి, స్టీరింగ్ బరువుగా ఉందని, తనకి 981నే కావాలని తేల్చుకున్నాడు. డెంటన్‌లో ఒక 2015 కారు చూశాం, వచ్చే శనివారం నడపడానికి వెళ్తున్నాం. కారల్టన్‌లో చెకప్‌కి తేదీ ముందే తీసుకున్నాం. టైటిల్ చేతిలో ఉందా, లోను ఉందా అని మొదటి ఫోన్‌లోనే అడిగించాను.